కమానుకూ కమానుకూ మధ్య

మొదట వయోలాలు. పన్నెండు మంది కలిసి మంద్రంలో షడ్జం పట్టుకుంటారు. పెంచరు, తగ్గించరు. స్వరం మొదలైందని చెవి గుర్తు పట్టేలోపే చెల్లోలు కింది నుంచి పంచమం అందిస్తాయి. అయిదో ఆవర్తనంలో ఫస్ట్ వయొలిన్లు వచ్చి శుద్ధ ధైవతం మీద కాసేపు నిలబడి, అక్కణ్నుంచి కాకలి నిషాదానికి ఎక్కుతాయి. కీరవాణి రాగం ప్రాణమంతా ఆ రెండు స్వరాల నడుమ ఎడంలోనే ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. అంతవరకూ పక్కపక్కనే మసిలిన స్వరాలు అక్కడ ఒక్కసారి దూరం జరుగుతాయి. ఆ ఎడాన్ని వయొలిన్లు కమాను ఎత్తకుండా, వేలిని తీగ మీదే జరుపుకుంటూ దాటాయి. దాటేటప్పుడు పదహారు మందీ ఒకే క్షణంలో దాటలేదు. కొందరు ముందు, కొందరు వెంట్రుకవాసి వెనక. నిషాదం చేరాక కూడా కాసేపు స్వరం అంచులు సర్దుకుంటూనే ఉన్నాయి. నా ఒళ్లు జలదరించింది ఆ సర్దుబాటుకే.

ఆ పదహారు మందిలో ఏ ఒక్కరూ ఈ వరస వాయించలేదు. లండన్‌లో మైదా వేల్ స్టూడియోలో కూర్చుని ఒక్కొక్క స్వరాన్ని విడివిడిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, పొడుగ్గా, పొట్టిగా, మీటి, వణికించి వాయించి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ ముక్కలతో ఏనాడో నర్సీపట్నంలో ఒక మేడ మీది గదిలో కీరవాణి పలుకుతుందని వాళ్లు ఊహించి ఉండరు. ముక్కల్ని కలిపి కుట్టినవాడు పెళ్లిళ్లలో, వినాయక చవితి పందిళ్లలో, దసరా స్టేజీల మీద కీబోర్డు వాయించే కుర్రాడు. వినిపించడం అయ్యాక హెడ్‌ఫోన్లు నా చెవుల మీంచి తీస్తూ, "మాస్టారూ, ఫస్ట్ వయొలిన్లకి నేను వేసినవి ఎన్ని లేయర్లో చెప్పుకోండి చూద్దాం" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడమే ఆ పనితనానికి దక్కాల్సిన మొదటి మెప్పు.

లేయర్లు వేయడమంటే శబ్దాన్ని లావు చేయడమని చాలామంది అనుకుంటారు. సన్నగా ఉన్న స్ట్రింగ్స్ మీద ఇంకో స్ట్రింగ్స్, దాని మీద మరొకటి, అప్పుడు నిండుగా ఉంటుందని. నిండుదనం అంత తేలిగ్గా దొరకదు. ఒకే రికార్డింగును దాని మీదే మళ్లీ పరిస్తే అది ఇద్దరు మనుషులు కాదు, గట్టిగా వాయిస్తున్న ఒకే మనిషి. రెండోదాన్ని కొంచెం ఆలస్యంగా పెడితే గొట్టంలోంచి వచ్చినట్టు డొల్లగా మోగుతుంది, ఒకే అల రెండుసార్లు వచ్చి తనను తానే కోసుకుంటుంది కాబట్టి. వాద్యబృందం వాద్యబృందంలా వినిపించాలంటే మనుషులు వేరు కావాలి. వయొలిన్ వాయించేవాడి ఎడమచేతి వేలు సెకనుకు అయిదారు సార్లు కంపిస్తుంది. పదహారు మంది వేళ్లూ అలాగే కంపిస్తాయి కానీ ఒకే సమయంలో ఒకే వైపుకు ఊగవు. ఒకరు స్వరానికి రవ్వంత పైన ఉన్నప్పుడు పక్కవారు రవ్వంత కింద ఉంటారు. ఆ చిన్న చిన్న తేడాలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని, మనం పట్టులాంటి మెరుపు అని పిలిచే గుణం పుడుతుంది. అంటే ఆర్కెస్ట్రా సొంపు ఏకాభిప్రాయంలో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ నిజానికి ఎప్పుడూ పూర్తిగా కుదరని ఒక ఒప్పందంలో ఉంది. యంత్రంలో ఆ తేడాని పుట్టించాలి. ఈ కళ అంతా అదే పని.

ఉత్తరాంధ్రలో పెరిగిన చెవికి ఇది కొత్త సంగతేమీ కాదు. గుండెల మీద తప్పెటలు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరిగే తప్పెటగుళ్ల జట్టును తలచుకోండి. పదిహేను ఇరవై మంది ఒకే దెబ్బ వేస్తారు. దూరం నుంచి వింటే ఒకటే దెబ్బ. దగ్గరికి వెళితే అది దెబ్బ కాదు, దెబ్బల గుత్తి. ముందు కొట్టినవాడి అంచు, చివర కొట్టినవాడి తోక, మధ్యలో గజ్జెల పొడి. ఆ వెడల్పే దానికి బలం. ఒకే తప్పెటను రికార్డు చేసి పదిహేను రెట్లు గట్టిగా వినిపిస్తే ఆ బలం రాదు. మా కుర్రాడు ఆర్కెస్ట్రా పుస్తకాలు చదివి ఇది నేర్చుకోలేదు. జాతరల్లో నిలబడి నేర్చుకున్నాడని నా నమ్మకం. వయొలిన్ స్వరాలను కంప్యూటర్ గీతల మీద సరిగ్గా కూర్చోబెట్టే ఒక్క మీట ఉంటుంది, క్వాంటైజ్ అంటారు. ఆ మీటను అతను ముట్టుకోడు.

ఇప్పుడు ఆ ఫస్ట్ వయొలిన్లలోని పొరలు. అడుగున పరచింది బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా లైబ్రరీ. 1930లో పుట్టి, 1934 నుంచి మైదా వేల్‌ను తన గూడుగా చేసుకున్న ఆ బృందాన్ని స్పిట్‌ఫైర్ ఆడియో సంస్థ స్వరం స్వరంగా రికార్డు చేసి 2019లో విడుదల చేసింది. ఫస్ట్ వయొలిన్లు 16, సెకండ్ వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బేస్‌లు 8. దీనికి డిస్కవర్ అనే చిన్న రూపం ఉంది, 200 ఎంబీకి అటూ ఇటూ, ఉచితం. అతను మొదలుపెట్టింది దానితోనే. స్టేజీ సంపాదన కూడబెట్టి తర్వాత పెద్దది కొన్నాడు, ఎందుకంటే స్వరం నుంచి స్వరానికి జారడం పెద్దదానిలోనే ఉంది. ఈ పొర ఇచ్చేది గుంపు: హాలు, గాలి, పదహారు కమాన్ల కలగాపులగం. ఇవ్వనిది ముఖం. గుంపులో ఎవరి ముఖమూ కనబడదు.

అందుకని దాని మీద ఒకే ఒక్క వయొలిన్, వేరే లైబ్రరీది, పొడిగా, గది ప్రతిధ్వని లేకుండా రికార్డు చేసింది. ఎంత తగ్గించి పెట్టాడంటే విడిగా ఉందని ఎవరికీ తెలియదు. తీసేస్తే మాత్రం వరస మొత్తం నీరుగారిపోతుంది. నాకు రెండు విధాలుగానూ వినిపించాడు. ఆ ఒక్క ఫిడేలు ఉన్నప్పుడు తీగ మీద రజను పూసిన గుర్రపు వెంట్రుకలు రాచుకునే సన్నని గరుకు చెవికి తగులుతుంది. నిజం ఆర్కెస్ట్రాలో మైకుకు దగ్గరగా ముందు వరస కుర్చీలో కూర్చున్న నాయకుడు చేసే పని ఇదే. మనం గుంపును విన్నామనుకుంటాం. వాస్తవానికి ఒకరిని వింటూ మిగతా వాళ్లను ఆ ఒకరికి అంటగడుతూ ఉంటాం.

మూడో పొర చిత్రమైనది. ధైవతం మొదలయ్యే చోట, కమానును తీగ మీద ఎగరేసి తీసే పొట్టి స్వరం ఒకటి దాచాడు. స్పికాటో అంటారు. పొడుగు స్వరాల రికార్డింగులు మెల్లగా ఊరుతూ మొదలవుతాయి. వాటికి మొదలు ఎక్కడో తెలియదు. ఈ పొట్టి స్వరం వాటికి ఒక అంచు ఇస్తుంది, హల్లు తగిలిన అచ్చు లాగా. గట్టిగా పెడితే రెండు వాద్యాలు అవుతాయి, పూర్తిగా తీసేస్తే మాటలో హల్లులు రాలిపోయినట్టుంటుంది. ఈ హద్దును పట్టుకోవడంలో అతని చెవి సూక్ష్మత నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. మొదటి స్వరానికి ఎంత పెట్టాడో రెండో స్వరానికి అంత పెట్టలేదు. నిషాదం దగ్గర అసలు పెట్టలేదు, ఎందుకంటే అక్కడికి జారుతూ వచ్చారు, కొత్తగా మొదలుపెట్టలేదు.

ఆ జారుడు గురించి ఒక మాట చెప్పాలి. చాలా కాలం వరకు సాంపిల్ వాద్యాలకు, అంటే ఇలా ముక్కలుగా రికార్డు చేసిన స్వరాలతో పలికేవాటికి, అది అసాధ్యం. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన మెలోట్రాన్ అనే యంత్రంలో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే ఎనిమిది సెకన్లు వాద్యం పలికి ఆగిపోయేది. 1979లో సిడ్నీలో పుట్టిన ఫెయిర్‌లైట్ శబ్దాన్ని అంకెలుగా మార్చి కీబోర్డు మీద పరిచింది. స్ట్రవిన్‌స్కీ ఫైర్‌బర్డ్‌లోంచి తీసిన ఒక్క ఆర్కెస్ట్రా దెబ్బ అందులో ఉండేది, 1980లలో లోకమంతా ఆ దెబ్బనే విన్నది. స్వరం ఉంది, దెబ్బ ఉంది, కానీ స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్నది లేదు. వియన్నాలో హెర్బ్ టుక్‌మాండిల్ అనే చెల్లో వాద్యకారుడు 2000లో మొదలుపెట్టిన వియన్నా సింఫనిక్ లైబ్రరీ ఆ మధ్యనే రికార్డు చేయాలని పూనుకుంది. స నుంచి రి, స నుంచి గ, స నుంచి మ, ఎక్కుతూ, దిగుతూ, ప్రతి వాద్యంలో, ప్రతి జంటకూ. స్వరాలను కాదు, స్వరాల మధ్య ప్రయాణాలను ఒక్కొక్కటిగా భద్రపరచడం. తలచుకుంటే అది తపస్సులాంటి పని. చెల్లో వాయించే మనిషికే ఆ లోటు అంత బాధగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ వాద్యం బతికేది స్వరాల మీద కాదు, వాటి నడుమ.

ఇక చేతి పని ఉంది. కుడిచేత్తో కీబోర్డు మీద వరస వాయిస్తాడు, ఎడమచేతి బొటనవేలు మోడ్ వీల్ మీద ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునేందుకు 1983లో కుదిరిన మిడి పద్ధతిలో ఆ చక్రానికి 0 నుంచి 127 వరకు 128 మెట్లు. మెట్టు పెరిగే కొద్దీ శబ్దం పెద్దదవడమే కాదు, రంగు మారుతుంది. మెల్లగా వాయించిన రికార్డింగు వెనక్కి తగ్గి గట్టిగా వాయించినది ముందుకొస్తుంది. పక్కనే ఎక్స్‌ప్రెషన్ అనే మరో అదుపు, అది వట్టి శబ్ద పరిమాణం. ఈ రెంటినీ వేరు వేరుగా నడిపించడంలోనే ఊపిరి ఉంది. కమాను బలంగా నొక్కుతూ దూరం జరిగిపోతున్న మనిషి, మెత్తగా లాగుతూ దగ్గరవుతున్న మనిషి. ఇద్దరూ ఒకే పరిమాణంలో వినిపించినా ఒక్కటి కారు. పొరలకు అతను ఒకే గీత అతికించలేదు. గుంపు పొర ముందు ఉబికింది. ఒంటి ఫిడేలు అర క్షణం ఆగి ఉబికింది, గుంపు తనను లేపేదాకా ఎదురుచూసినట్టు. నాలుగు సార్లు అదే వరస వస్తే నాలుగు సార్లూ మళ్లీ వాయించాడు, ఒకదాన్ని కత్తిరించి మిగతా చోట్ల అతికించలేదు. ఈ కష్టం ఎవరికీ కనిపించదు. వినిపిస్తుంది.

కాలం సంగతి మరీ లోతైనది. పొడుగు స్వరాల రికార్డింగులు నొక్కగానే పలకవు. సెకనులో పదోవంతో, రెండు పదోవంతులో గడిచాక గానీ స్వరం నిలదొక్కుకోదు. కాబట్టి తాళం కంటే ముందే నొక్కాలి, ఒక్కో పొరకు ఒక్కో ముందు. ఇక నిజం హాలులో దూరం కూడా ఒక కాలమే. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. పది మీటర్ల వెనక కూర్చున్న కొమ్ము వాద్యం వాడి శబ్దం సెకనులో ముప్పై వెయ్యోవంతుల వెనక చేరుతుంది. పైగా ఫ్రెంచ్ హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, వెనక గోడకు తగిలి గానీ మన దగ్గరకు రాదు. ఆ చిన్న ఆలస్యాన్ని అతను చెరపకుండా ఉంచాడు. అందుకే కొమ్ములు వచ్చినప్పుడు అవి గట్టిగా ఉన్నా దూరంగా ఉన్నాయి, కొండ మీంచి పిలిచినట్టు. లంబసింగి దారిలో మలుపు తిరగ్గానే కనబడేది కాక, అవతల లోయలో ఉందని తెలిసేది ఒకటి ఉంటుంది. ఆ దూరం ఈ కొమ్ముల్లో ఉంది.

ఇక్కడ నాకు సాలూరి రాజేశ్వరరావు గుర్తుకొస్తారు. సాలూరు దగ్గరి శివరామపురం నుంచి వెళ్లి 1951లో మల్లీశ్వరికి సంగీతం కూర్చిన ఆ మహానుభావుడి కాలంలో మద్రాసు స్టూడియోల్లో ట్రాకులు లెక్కకు మిక్కిలిగా ఉండేవి కావు. కొన్ని మైకుల చుట్టూ మనుషులు కూర్చునేవారు. ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నదే మిక్సింగ్. లోతును అడుగులతో కొలిచేవారు. ఇవాళ ఆ పని తెర మీద చిన్న మీటలు చేస్తాయి: వాద్యానికి ఆనుకుని పెట్టిన మైకు ఎంత, సంగీత నిర్దేశకుడి తల మీద వేలాడే మూడు మైకుల చెట్టు ఎంత, హాలు చివరి మైకు ఎంత. ఒంటి ఫిడేలుకు దగ్గరి మైకు, గుంపుకు చెట్టు మైకు, అన్నింటి మీదా పలచగా హాలు. వేరు వేరు దేశాల్లో, వేరు వేరు గదుల్లో పుట్టిన శబ్దాలు ఒకే కప్పు కింద ఉన్నాయని మన చెవిని నమ్మించడానికి చివర్లో అన్నింటికీ ఒకే రీవెర్బ్. ఇది కుదరకపోతే ఎన్ని పొరలున్నా వాద్యాలు ఒకరి ఇంట్లో ఒకరు దూరినట్టు ఉంటాయి.

రాజేశ్వరరావు కుమారుడు కోటి. రాజ్–కోటి జంట దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయి 1992లో రోజాతో వచ్చాడు. కీబోర్డు వాద్యకారుడిగా మొదలై నేపథ్య సంగీతానికి పేరు మోసిన మణిశర్మ మన వాడు. నర్సీపట్నం పక్కన పెదబొడ్డేపల్లిలో చదువుకున్న పూరి జగన్నాథ్ తీసిన పోకిరి 2006లో ఆ మణిశర్మ సంగీతంతోనే వచ్చింది. ఒకే కుటుంబంలో రెండు తరాల్లో, ఒకే పరిశ్రమలో ముప్పై నలభై ఏళ్లలో, హాలు నిండా మనుషుల నుంచి వేళ్ల కింది మెట్ల దాకా ప్రయాణం సాగింది. ఈ మార్పును శోకంగా చెప్పేవారు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఇళయరాజా 1989లో గీతాంజలికి వాయింపజేసిన తీగ వాద్యాలను వింటే, అవి ఏ మీటా ఇవ్వలేని సజీవమైన జనం. ఆ మనుషులకు పని పోయింది, అది చిన్న విషయం కాదు. కానీ అదే యంత్రం వల్ల ఆర్కెస్ట్రాను కళ్లతో ఎప్పుడూ చూడని ఊరి కుర్రాడు వయోలాకూ సెకండ్ వయొలిన్‌కూ మధ్య తేడాను చేతులతో తెలుసుకుంటున్నాడు. నేను రెంటినీ చూస్తాను. ఒకదాన్ని రెండోదానితో కొట్టేయలేను.

అతని చేతికి పొరల విద్య ఈ లైబ్రరీలకు ముందే వచ్చింది. మన స్టేజీ వాద్యకారుల చేతుల్లో ఏళ్ల తరబడి నలిగిన రోలాండ్ ఎక్స్‌పీ-60 లాంటి కీబోర్డుల్లో ఒక్కో ప్యాచ్‌లో నాలుగు టోన్లు ఉంటాయి. నాలుగూ వేరు వేరు శబ్దాలు, ఒకే మెట్టు కింద. మొత్తం యంత్రం ఒకేసారి 64 గొంతులు పలకగలదు. నాలుగు పొరల ప్యాచ్ పెడితే 16 స్వరాలకే అయిపోతాయి. కాబట్టి ఏ పొర అవసరమో, ఏది భారమో పాట మధ్యలోనే తేల్చుకోవాలి. పాటకు స్ట్రింగ్స్ పట్టుకుని, చరణం మధ్య బిట్‌లో ఫ్లూట్ అందుకుని, మళ్లీ స్ట్రింగ్స్‌కు వచ్చేసే ఆ చేతుల చురుకును కచేరీ విమర్శకులు ఎవరూ పట్టించుకోలేదు. పిసినారితనంలో నేర్చుకున్న ఆ లెక్క ఇవాళ అతని పనిలో కనిపిస్తుంది. అపరిమితంగా పొరలు వేసుకోగలిగిన రోజున కూడా అతను అడుగుతాడు, ఇది లేకపోతే ఏం పోతుంది అని.

ఎందుకంటే పొరలకు ఆకలి ఎక్కువ. పదహారు వయొలిన్ల ప్యాచ్ తీసుకుని మూడు స్వరాలను కలిపి నొక్కితే పదహారు మంది మూడు చోట్లకు విడిపోరు. నలభై ఎనిమిది మంది వచ్చి కూర్చుంటారు. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు పిలిచారు? నిజం ఆర్కెస్ట్రాలో స్వరం పంచుకున్నప్పుడు ప్రతి స్వరం సన్నబడుతుంది, ఆ సన్నబడటంలో ఒక సౌకుమార్యం ఉంది. ఈ మధ్య సినిమా ట్రైలర్లలో వినిపించే వీరావేశపు తీగ వాద్యాలు నాకు రుచించకపోవడానికి కారణం ఇదే. పొరల మీద పొరలు, ఎవరూ ఊపిరి తీయరు, ఎవరూ అలసిపోరు. శ్రమ లేని బలం. ఇలాంటి పొరపాటే సెకండ్ వయొలిన్లకు ఫస్ట్ వయొలిన్ల శబ్దాలనే వాడటం. దీనికి ఒక అందమైన ఉపాయం ఉంది: కీబోర్డును రెండు మెట్లు జరిపి, శ్రుతిని రెండు మెట్లు వెనక్కి తెచ్చుకుంటే అదే స్వరానికి వేరే రికార్డింగు పలుకుతుంది. స్వరం అదే, మనిషి వేరు. ఇంత చిన్న ఉపాయంలో ఎంత లోతైన ఎరుక!

వేణువు దగ్గర మాత్రం పొరలు ద్రోహం చేస్తాయి. ఒంటి వేణువును మెల్లగా నుంచి గట్టిగా తీసుకెళ్లేటప్పుడు ఒక రికార్డింగు పోతూ మరొకటి వస్తుంది; ఆ నడుమ ఇద్దరు వాయిస్తున్నట్టు ఒక చిన్న రెపరెప. గుంపులో ఈ సంధికాలం అందం. ఒంటి గొంతులో అది అబద్ధం. ఈ సంగీతం నడిచే ఎనిమిది ఆవర్తనాల్లో అతను వేణువు వరసను ఆ సంధి తగలని ఒకే స్థాయిలో నడిపించి, పెంపుదలను చుట్టూ ఉన్న తీగ వాద్యాలకు అప్పగించాడు. వేణువు ఎదగలేదు, లోకం దాని చుట్టూ ఎదిగింది. ఇది సాంకేతికమైన తప్పించుకోవడమే కావచ్చు, కానీ రసదృష్టితో చూస్తే గొప్ప నిర్ణయం. నిశ్చలంగా ఉన్న ఒక గొంతు మీద చుట్టూ ఉన్న ఉద్వేగమంతా వాలింది.

ఇక మన చెవికి అసలైన పరీక్ష గమకం. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో 1919లో ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ఫిడేలు నాయుడు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఈ నేల మీద ఫిడేలు ఎలా పాడాలో ఒక ప్రమాణం పెట్టి వెళ్లారు. ఆయన రికార్డులు విన్నవాడు సాధారణ గాంధారాన్ని కర్రలా నిలబెడితే భరించలేడు. సాంపిల్ స్వరం కర్రే. దాన్ని వంచడానికి కీబోర్డు మీద పిచ్ వీల్ ఉంది. కానీ వంచితే ఏమవుతుందో మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ స్వరంతో పాటు అందులో నిక్షిప్తమైన హాలు కూడా వంగుతుంది. మైదా వేల్ గోడల ప్రతిధ్వని స్వరంతో కలిసి ఊగుతుంది. ఏ నిజం గదిలోనూ గోడలు గమకం వేయవు. చెవి కారణం చెప్పలేదు గానీ మోసాన్ని వెంటనే పసిగడుతుంది. అందుకే గమకం వేయాల్సిన పొర పొడిది కావాలి, ప్రతిధ్వని తర్వాత కలపాలి. గుంపు నిటారుగా ఉండాలి. వంగేది ముందున్న ఒక్కరే.

పదహారు మంది కలిసి గమకం వేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు నిజం మనుషులు జవాబిచ్చిన సందర్భం మనకు ఉంది, చిన్న స్థాయిలో. ఇళయరాజా 1986లో చేసిన హౌ టు నేమ్ ఇట్ ఆల్బంలో వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్ తర్వాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌తో కర్ణాటక కృతులను నలుగురి మధ్య పంచి వాయించారు. కృతి గమకాలతో పైన సాగుతుంటే మిగతా వాద్యాలు కింద స్వరాలను జోడించి నిలబెట్టాయి. కదిలేది కదులుతుంది, నిలిచేది నిలుస్తుంది, రెండూ ఒకదాన్నొకటి గౌరవిస్తాయి. మన కుర్రాడు ఆ రికార్డింగులు విన్నాడో లేదో నేను అడగలేదు. అతను చేరింది మాత్రం అదే చోటికి.

అందుకే మొన్న విజయనగరంలో ఫిడేలు నేర్చుకున్న ఒకామెను పిలిపించాడు. గదిలో మంచం నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీసి, ఒక మైకు పెట్టాడు. నిజం వాద్యాన్ని ఒక్కదాన్ని సాంపిల్ గుంపు మీద వేయడం పెద్ద స్టూడియోల్లోనూ వాడే పద్ధతే. ఆమె ఒకసారి వాయించాక కుర్చీ ఒక అడుగు వెనక్కి, మళ్లీ వాయించాక పక్కకు జరిపించాడు, ఒకే మనిషి ఒకే చోటి నుంచి రెండుసార్లు వినపడకుండా. కింద వయోలాలు నిటారుగా ఉన్నాయి. ఆమె గాంధారం ఊగుతూ, ఏ లైబ్రరీలోనూ లేని ఒక తొందరతో రిషభాన్ని అందుకుంది. ఒక విడతలో కమాను మధ్యలో ఒక్క రవ్వ ఆగిపోయి మళ్లీ కదిలింది. "ఇది తీసేద్దాం, తమ్ముడూ, మళ్లీ వాయిస్తాను" అంది ఆమె. "వద్దక్కా, ఉండనీ" అన్నాడు అతను. ఆ విడతనే ముందుకు తెచ్చి, మిగతా వాటిని దాని వెనక సగానికి తగ్గించి, అంతకుముందు వేసిన పొడి సాంపిల్ ఫిడేలును పూర్తిగా మూసేశాడు. ఆమె వెళ్లాక మళ్లీ కొంచెం తెరిచాడు. అది కూడా కావాలంటాడు, మనిషికి పక్కన మరో మనిషి ఉన్నట్టు ఉండాలట. నా మట్టుకు నాకు అక్కడ ఆమె ఒక్కతే చాలనిపించింది. ఆ పొర మీద ఇంకా తేలలేదు. వచ్చేవారం కొమ్ముల వరస పూర్తయ్యాక మళ్లీ వినాలి.